“9900 ఎంఏహెచ్” సెల్లున్న సైకిల్ లైట్లు కొనకండి

ఛారిటీ రైడ్‌కి పేరిచ్చి ఈ చలికాలం తెల్లవారుజామున ప్రాక్టీసు చేస్తున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. “10,000 ల్యూమెన్లు, 9900 ఎంఏహెచ్ సెల్లు రెండు ఉచితం” (ల్యూమెన్ అంటే వెలుగుకి కొలత, ఎంఏహెచ్ అంటే సెల్లులో పట్టే చార్జికి కొలత) అంటూ ఒక ముందులైటు ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో, వెయ్యి రూపాయల లోపే దొరుకుతోంది. మా గ్రూపులో కొందరు తెప్పించారు. ఫుల్ మోడ్‌లో పెడితే ముప్పావుగంట కూడా నిలవట్లేదు. పోనీ కాస్త మసకబారి హెచ్చరిస్తుందా అంటే అదీ లేదు, ఒక్కసారిగా ఆరిపోతోంది.

జనవరి మొదట్లో హైదరాబాద్‌లో సూర్యోదయం దాదాపు 6:45కి. నాలుగున్నరకి బయలుదేరితే దాదాపు రెండు గంటలు చీకట్లో తొక్కాలి. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ పైకప్పున్న సైకిల్ ట్రాక్ మీద లైటు ఆరితే దిగి నడుస్తారు, అంతే. చేవెళ్ల వైపు మర్రిచెట్ల కింద, ఎదురుగా లారీ హై బీమ్ కొడుతుండగా ఆరితే సంగతి వేరు.

మోసమంతా సెల్లులోనే ఉంది. ఈ లైట్లలో వాడేది 18650 సెల్: 18 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు. పేరున్న కంపెనీల మంచి సెల్లు కూడా 3500 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోతుంది. అదే డబ్బాలో 9900 పట్టిందనడం, శేరు గిన్నెలో మూడు శేర్ల పాలు పోశాననడమే. ల్యూమెన్ల కథా అంతే. లోపలుండే ఒక్క టీ6 రకం ఎల్ఈడీ 10 వాట్లు తిని ఇచ్చేది వెయ్యి ల్యూమెన్ల లోపు. నిఖార్సైన 2600 ఎంఏహెచ్ సెల్లు రెండు పెడితే 19 వాట్ అవర్లు, అంటే పది వాట్లు తినే ఈ లైటుకి ఫుల్ మోడ్‌లో రెండు గంటల లోపు. వెయ్యి ఎంఏహెచ్ నకిలీలు రెండు పెడితే ముప్పావుగంటకి మించదు. వస్తున్న ఫలితం సరిగ్గా అదే.

పార్సిల్ వచ్చిన రోజే సెల్లు బయటికి తీసి తూచండి. కంసాలి వాడే చిన్న డిజిటల్ కాటా చాలు. అసలు సెల్లు 44 నుంచి 49 గ్రాములు తూగుతుంది. 35 కన్నా తక్కువుంటే ఇక అనుమానం అక్కర్లేదు. అయితే బరువు సరిపోయిందని నమ్మేయకండి, బరువు కోసం లోపల పొడి నింపినవి కూడా ఉన్నాయి. అసలు పరీక్ష వేరే: ఫుల్ చార్జ్ చేసి, ఫ్యాన్ ఎదురుగా లైటు వెలిగించి (గాలి లేకపోతే వేడెక్కి వెలుగు దానంతటదే తగ్గిపోతుంది), ఫోన్‌లో టైమ్‌లాప్స్ పెట్టి వదిలేయండి. ఎంతసేపు వెలిగిందో వీడియోనే చెబుతుంది, వాపసు అడిగినప్పుడు సాక్ష్యంగానూ పనికొస్తుంది.

వీటితో వచ్చే చార్జర్ ఇంకా ప్రమాదం. ఈ రకం లిథియం సెల్లు 4.2 వోల్టుల దగ్గర చార్జింగ్ ఆగిపోవాలి. ఈ చార్జర్లలో కొన్నిటికి ఆ కట్-ఆఫే లేదు. పచ్చలైటు వెలిగాక సెల్లుకి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పెట్టి చూడండి, 4.25 దాటితే ఆ చార్జర్ పక్కన పడేయండి. రాత్రంతా పెట్టి పడుకోవడం అసలు వద్దు.

మరేం కొనాలి? ల్యూమెన్ల అంకె చూసి కాదు, ఏ మోడ్‌లో ఎన్ని గంటలో విడివిడిగా రాసిన లైటు కొనండి. దీపాల్లేని హైవేకి నిజమైన 400 నుంచి 600 ల్యూమెన్లు చాలు, మీడియం మోడ్‌లో మూడు గంటలు రావాలి. ప్యాకెట్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఇచ్చే ‘ఆర్’ రిజిస్ట్రేషన్ నంబరు, సెల్లుల భద్రతా ప్రమాణం ఐఎస్ 16046 ఉన్నాయా చూడండి. ఆ ‘ఆర్’ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూడండి, ఎందుకంటే దొంగ నంబరు ముద్రించడానికీ పెద్ద ఖర్చవదు. ఎక్కువమంది పట్టించుకోనిది ఇంకోటి: పవర్ బ్యాంక్ తగిలించినప్పుడు లైటు వెలుగుతూనే ఉంటుందా, ఆరిపోతుందా? చౌక రకాలు చాలావరకు ఆరిపోతాయి. రాత్రి కూడా సాగే దూరపు రైడ్‌కి అది పనికిరాదు. చార్జింగ్ పోర్టుకి రబ్బరు మూత లేకపోతే గండిపేట మంచుకే తడిసిపోతుంది.

రివ్యూలు నమ్మకండి. నాలుగున్నర స్టార్లు చూసి కిందికి వెళితే పాత రివ్యూలు ఫోన్ కవర్ గురించి ఉంటాయి, అదే పేజీలో సరుకు మార్చేశారు.

“రిటర్న్” అని ఉందో, “రీప్లేస్‌మెంట్ మాత్రమే” అని ఉందో కొనేముందే చదవండి. రెండోదైతే ఆ చెత్తనే మళ్లీ పంపిస్తారు. డబ్బా విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. “సగం డబ్బిస్తాం, రివ్యూ తీసేయండి” అని మెసేజ్ వస్తే స్క్రీన్‌షాట్ తీసి, కాటా ఫోటో, టైమ్‌లాప్స్‌తో కలిపి సైటు వాళ్లకే పంపండి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇప్పటికే కొని గడువు దాటిపోయినవాళ్లు ఆ సెల్లుల రెండు కొనలకీ టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి, చెత్తబండిలో వేయకండి.