డిసెంబరులో జోగ్‌కి డబ్బు కట్టొద్దు

డిసెంబరు సెలవులకు నెల్లూరు నుంచి తిప్పే బస్సు ప్యాకేజీల్లో కర్ణాటకలోని జోగ్ జలపాతం పేరు కనబడితే, కరపత్రం మీది ఫొటో ఏ నెలలో తీసిందో ముందు అడగండి. అది ఆగస్టు ఫొటో. తలకు 7,800 కట్టి, రాత్రంతా సీట్లో నడుం విరగ్గొట్టుకుని వెళ్తే కనబడేది నల్లటి రాతిగోడ, దాని మీద నాలుగు తడి చారలు. వాటికి రాజా, రాణి, రోరర్, రాకెట్ అని పేర్లు. గైడ్ ఆ పేర్లు అప్పజెబుతుంటే వెనక నుంచి ఓ పెద్దాయన "మా వీధి కుళాయి నయం గదయ్యా" అన్నాడు. తిరుగు ప్రయాణంలో అంత్యాక్షరి ఊసే లేదు.

తప్పు జోగ్‌ది కాదు. 253 మీటర్ల ఎత్తు నుంచి దూకే శరావతి నైరుతి వానల నది. 1964లో ఎగువన లింగనమక్కి డ్యామ్ కట్టాక నీళ్లన్నీ కరెంటు తయారీకే పోతున్నాయి. డ్యామ్ నిండి గేట్లెత్తితేనే ఆ ఫొటోలోని హోరు, అదీ ఏటా ఉండదు. జూలై ఆఖరు నుంచి సెప్టెంబరు లోపు వెళ్లాలి. అప్పుడు పొగమంచుతో ఇంకో తంటా. ఎదురుగా ఉన్న ధార కూడా కనబడదు. గంటో గంటన్నరో ఓపిక పడితే తెర తొలుగుతుంది. ప్యాకేజీ వాళ్లిచ్చే 45 నిమిషాలు టీకి, బాత్రూంకే సరి. కిందికి 1,400 దాకా మెట్లున్నాయి, వానాకాలంలో ఆ దారి మూసేస్తారు.

సొంతంగా వెళ్లడమే మేలు. బెంగళూరులో రాత్రి రైలెక్కితే పొద్దున తాళగుప్పలో దిగొచ్చు, అక్కణ్ణుంచి జోగ్ దగ్గరే. "జలపాతం కనబడే గది" అని 2,400 తీసుకున్న లాడ్జిలో కిటికీ తెరిస్తే నీళ్ల ట్యాంకు కనబడింది. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు దాకానే, బకెట్టు ఒకటే. దగ్గర్లోని సాగర ఊళ్లో 900కి ఇంతకన్నా శుభ్రమైన గది దొరుకుతుంది. సాంబారులో బెల్లం వేస్తారు, మనవాళ్లు రెండోపూటకే మొహం ముడుచుకుంటారు. గోంగూర పచ్చడి సీసా ఒకటి సంచిలో పడేసుకోండి. నీరుదోసె మాత్రం వదలొద్దు. ప్లేటు 60, జేబురుమాలంత పల్చన, కొబ్బరి చట్నీతో ఎన్ని తిన్నా బరువనిపించదు.

మరి డిసెంబరులో ఎక్కడికి? మన కోనలకే. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు-డిసెంబరు మధ్యే పడుతుంది. జోగ్ ఎండే వేళకు ఉమ్మడి ప్రకాశం జిల్లాలో భైరవకోన పారుతుంటుంది. ఉదయగిరి, సీతారామపురం మీదుగా పొద్దున్నే బయల్దేరండి. కొండ తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే ధార. కార్తీక పౌర్ణమి నాడు జనం కిక్కిరిసిపోతారు. నీళ్ల కోసమైతే తుఫాను వాన వెలిసిన రెండో రోజో మూడో రోజో వెళ్లాలి. వాన పడే రోజున వద్దు. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే పైన వాన దంచినట్టే. సెల్ఫీ సంగతి పక్కనబెట్టి గట్టెక్కేయాలి. అరిగిన చెప్పులతో పాకుడు రాయి మీద కాలు పెట్టొద్దు. ధార పడేచోట అడుగున గుండం ఎంత లోతో పైనుంచి తెలీదు, దూకుళ్లు మానండి.

మన కోనల్లో ఇంకొకటి పెంచలకోన. అక్కడ నరసింహస్వామి దర్శనం చేసుకుని పైకి నడిచేవాళ్లు మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాలి. పులిహోర పొట్లం చేతిలో పట్టుకుని నడిస్తే కోతులు వదలవు. స్టీలు డబ్బాలో పెట్టి, జిప్పున్న సంచిలో వేయండి.