కల్లాస్ ‘లా ట్రావియాటా’: మిలాన్‌దా, లిస్బన్‌దా?

వెర్ది ఒపెరా ‘లా ట్రావియాటా’లో నాయిక వయొలెట్టాగా గాయని మరియా కల్లాస్‌ని స్టేజి మీది రికార్డింగులోనే వినాలి. నా పోటీ రెండిటి మధ్యే: మిలాన్ లా స్కాలాలో 1955 మే 28 నాటిది, లిస్బన్ సావ్ కార్లోస్ థియేటర్‌లో 1958 మార్చి 27 నాటిది.

మిలాన్‌లో ఆర్కెస్ట్రా కండక్టర్ జులీని చేతిలో ఉంది. కల్లాస్ గొంతు నిండుగా, దండిగా ఉంటుంది. రెండో అంకంలో ‘అమామి, అల్ఫ్రెడో’ (నన్ను ప్రేమించు, అల్ఫ్రెడో) అని ప్రియుణ్ణి వేడుకునే దగ్గర గుండె కట్ట తెంచుకుంటుంది. ఆ ప్రియుడి తండ్రి జెర్మాంగా బాస్తియానీనీది కంచు కంఠమే గానీ, నాకు కాస్త కరుకనిపిస్తుంది. రికార్డింగ్ మాత్రం అధ్వానం, గట్టిగా పాడితే చాలు గరగర.

లిస్బన్ నాటికి గొంతు పలచబడింది. అయినా ‘దీతే అల్లా జోవినే’ (ఆ అమ్మాయికి చెప్పండి) అనే పాట ముందు ఒక్క స్వరాన్ని అలా పట్టుకుని, సన్నగా కిందికి దింపుతుంది చూడండి! ప్రియుణ్ణి వదులుకోవడానికి ఒప్పుకున్నట్టు అక్కడే తెలిసిపోతుంది. ప్రియుడి పాత్రలో ముప్ఫై ఏళ్ల గాయకుడు అల్ఫ్రెదో క్రాస్ పద్ధతిగా పాడతాడు; అదే పాత్రలో మిలాన్‌లో డి స్టెఫానో చూపిన ఆవేశం ఉండదు. మధ్యమధ్య ప్రాంప్టర్ మాట అందించడం కూడా వినబడుతుంది (నాకైతే అదీ ముచ్చటే).

కొత్తగా వినేవాళ్లు లిస్బన్‌తో మొదలుపెట్టండి. జులీని కోసం మిలాన్ ఎలాగూ తప్పదు.