విదేశాల్లో ఇంగ్లిష్ బోధన: చిన్నపిల్లల ప్రత్యేక శిక్షణ ఎంతవరకు అక్కరకొచ్చింది

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఇంగ్లిష్ బోధించడంలో ప్రత్యేక శిక్షణ పొంది, చాలా ఏళ్లుగా విదేశాల్లో ఆ పనే చేస్తున్నాను. మధ్యలో కొంతకాలం పెద్దలకు చెప్పాను, కిండర్‌గార్టెన్‌లోనూ పనిచేశాను. నేను చూసినంతలో ఈ వయసుకు ఉన్నన్ని ఉద్యోగాలు మరే వయసుకూ లేవు. అయితే ఒక షరతు ఉంది. శిక్షణలో నిజమైన పిల్లల ముందు నిలబెట్టి పాఠం చెప్పించాలి. అది లేని సర్టిఫికెట్ దరఖాస్తుకు జతచేయడానికి పనికొస్తుంది, అంతే.

చాలామంది ఇంగ్లిష్ బోధనకు కేంబ్రిడ్జ్ వారు ఇచ్చే సర్టిఫికెట్ కోర్సు సెల్టా చేసి బయలుదేరతారు. దానిమీద నాకు గౌరవం ఉంది. 120 గంటల శిక్షణ, అందులో 6 గంటలు పరిశీలకుల ఎదుట బోధన. కానీ ఆ ఆరు గంటలూ ఎదురుగా కూర్చునేది పెద్దవాళ్లు. తీరా తూర్పు ఆసియాలో ఉద్యోగానికి చేరితే ఎక్కువగా పిల్లల తరగతులే అప్పగిస్తారు. దక్షిణ కొరియాలో 1997 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లిష్ మొదలవుతోంది. జపాన్‌లో 2020 నుంచి ఐదు, ఆరు తరగతులకు అది పూర్తిస్థాయి పాఠ్యాంశమైంది. మూడు, నాలుగు తరగతుల్లో ఆటపాటలతో పరిచయం చేస్తారు. బడిలో మొదలైందంటే తల్లిదండ్రులు బయట కూడా టీచర్లను వెతుకుతారు. ఖాళీలు అక్కడే పుడతాయి.

పిల్లలకు బోధించే టీచర్ల పరిజ్ఞానాన్ని పరీక్షించే కేంబ్రిడ్జ్ వారి టీకేటీ యంగ్ లెర్నర్స్ పరీక్ష కూడా రాశాను. 80 నిమిషాల్లో 80 ప్రశ్నలు, అన్నీ జవాబు ఎంచుకునేవే. పిల్లలు ఎలా నేర్చుకుంటారో ఒక క్రమంలో చదివిస్తుంది. చేయి తిరగడానికి మాత్రం అది చాలదు.

నా శిక్షణలో ఈనాటికీ రోజూ వాడుతున్నది ఒక పని నుంచి మరో పనికి మారే ఆ అర నిమిషాన్ని నడపడం. ఏడేళ్ల పిల్లల తరగతి అదుపు తప్పేది పుస్తకాలు మూసి బోర్డు దగ్గరికి రమ్మన్నప్పుడే. మా శిక్షకురాలు వెనక బెంచీలో కూర్చుని ఆ మార్పులను మాత్రమే రాసుకునేవారు. ముందు చేయవలసిన పని చెప్పాలి, ఇద్దరు పిల్లలతో చేయించి చూపాలి, ఆ తర్వాతే రంగు పెన్సిళ్లు పంచాలి. పెన్సిల్ చేతికి అందాక వినే పిల్లవాడు ఉండడు. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం. తరగతిలో చేసి చూస్తేనే ఒంటబడుతుంది.

రెండోది, మౌనాన్ని ఓర్చుకోవడం. నా తరగతిలో ఒక పాప వారాల తరబడి నోరు విప్పలేదు. కానీ ఎర్ర బంతిని కిటికీ దగ్గర పెట్టమని ఇంగ్లిష్‌లో అంటే అందరికన్నా ముందు లేచేది. మాట చెప్పి ఒంటితో చేయించే పద్ధతిని జేమ్స్ ఆషర్ రూపొందించారు. ఇలాంటి పిల్లలకు అది వరం. మాట్లాడమని నేను ఒత్తిడి చేయలేదు. ఆ పాప మొదటిసారి నోరు విప్పింది పక్కనున్న పిల్లవాడిని సరిదిద్దడానికి: బంతి ఎర్రది కాదు, నీలంది అని. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఏ జీతంతోనూ పోల్చలేను.

శిక్షణలో లోటు లేకపోలేదు. తల్లిదండ్రుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చాలా భాషా కేంద్రాల్లో తల్లులు, తండ్రులు వచ్చి వెనక నిలబడి పాఠం చూసే రోజులుంటాయి. అక్షరాల ధ్వనులు నేర్పడం మీద కూడా పైపైనే చెప్పారు. దాన్ని తర్వాత నేనే చదువుకోవలసి వచ్చింది.

ఇక మిగతా వయసుల మాట. మూడు నుంచి ఐదేళ్లవారిది పూర్తిగా వేరే వృత్తి. బూట్లు తొడగడం, ఏడుపు మాన్పించడం, ముక్కు తుడవడం అన్నీ పాఠంలో భాగమే. ఏడాదిలో సగం రోజులు గొంతు బొంగురుపోయి, జలుబుతో ఉంటాం. పెద్దలతో మాటామంతీ హాయిగా ఉంటుంది, క్రమశిక్షణ బెడద లేదు. కానీ వారికి తీరిక దొరికేది ఉద్యోగానికి ముందు, తర్వాత, వారాంతాల్లో. అంటే మనకు తీరిక ఉండనిది కూడా అప్పుడే. కుటుంబంతో వెళ్లేవారు ఈ వేళల గురించి గట్టిగా ఆలోచించాలి.

పిల్లల బోధనకే కట్టుబడితే ఒక ప్రమాదం ఉంది. 2021 జులైలో చైనా ప్రభుత్వం బడి సబ్జెక్టుల్లో లాభాపేక్షతో నడిచే ట్యూషన్లను అరికట్టింది. దేశం బయట ఉన్న విదేశీయులతో పిల్లలకు పాఠాలు చెప్పించడాన్నీ నిషేధించింది. ఆ దెబ్బ పడింది పిల్లల టీచర్ల మీదే. అందుకే పెద్దల తరగతి ఒకటైనా చేతిలో ఉంచుకుంటాను.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఏ వయసు, తరగతికి ఎంతమంది, స్థానిక భాష తెలిసిన సహాయకులు ఉంటారా అనేవి రాతపూర్వకంగా అడగండి. "అన్ని వయసులూ" అని రాసి ఉంటే ఒకే రోజు నాలుగేళ్లవారి నుంచి నలభై ఏళ్లవారి దాకా చెప్పవలసి వస్తుంది.

అంతర్జాతీయ పాఠశాలలే లక్ష్యమైతే ఈ శిక్షణ మీకు కాదు. ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ) అనే అంతర్జాతీయ పాఠ్యప్రణాళిక నడిపే పాఠశాలల్లో మూడు నుంచి పన్నెండేళ్ల వరకు పీవైపీ అనే ప్రాథమిక దశ, పదకొండు నుంచి పదహారు వరకు ఎంవైపీ అనే మధ్య దశ, ఆపైన పంతొమ్మిది వరకు డిప్లొమా ఉంటాయి. అక్కడ సాధారణంగా చూసేది బోధన లైసెన్సు, ఆ వయసువారితో పూర్తికాలం పనిచేసిన అనుభవం. ఆ దారిలో వెళ్లదలచినవారు ఈ కోర్సు ఫీజును లైసెన్సు మీద ఖర్చుపెట్టడం మేలు.