గుడ్డ శాంపిల్ తెప్పించాలా, ఫోటో చూసి కొనేయాలా?

కర్టెన్లకైనా, సోఫా కవర్లకైనా, డ్రెస్‌కైనా గుడ్డ కొనే ప్రతిసారీ ఇదే తర్జనభర్జన.

ఖర్చు: శాంపిల్‌కు కొంత డబ్బు, పంపినందుకు ఛార్జీ పోతాయి. ఫోటో చూసి కొంటే అవి మిగులుతాయి. కానీ మీటర్ల లెక్కన కోసిచ్చిన గుడ్డను చాలా షాపులు వెనక్కి తీసుకోవు.

సమయం: శాంపిల్ అంటే కొన్ని రోజులు ఆగాలి. ఫోటో అయితే వెంటనే ఆర్డర్.

రంగు: అసలు తేడా ఇక్కడే. ఒకే గుడ్డ రెండు ఫోన్లలో రెండు రంగుల్లో కనిపిస్తుంది. శాంపిల్‌ను పగలు కిటికీ పక్కన, రాత్రి బల్బు కింద పెట్టి చూడండి. పగలు బూడిద రంగులో ఉన్న ముక్క పసుపు వెలుతురులో గోధుమ రంగుకు తిరగడం నేను కళ్లారా చూశాను.

ఉతుకు: ముక్కను కాగితం మీద పరిచి చుట్టూ పెన్నుతో గీయండి. ఉతికి ఆరాక మళ్లీ ఆ గీతల్లో పెట్టండి. 10 సెంటీమీటర్లది 9.5కు వచ్చిందంటే 5 శాతం కుదించుకుపోయినట్టు. 3 మీటర్ల కర్టెన్‌లో అది 15 సెంటీమీటర్లు! ఫోటోలో ఇది ఎలా తెలుస్తుంది?

పెద్ద డిజైన్: చిన్న ముక్కలో సగం పువ్వే వస్తుంది. ఇక్కడ మాత్రం ఫోటోదే పైచేయి.

లైనింగ్‌కు, ఇదివరకే వాడి చూసిన గుడ్డకు ఫోటో చాలు. సోఫాకు, పొడవాటి కర్టెన్లకు, గోడ రంగుతో కలవాల్సినవాటికి, ఒంటికి తగిలే బట్టలకు శాంపిల్ తెప్పించాల్సిందే. శాంపిల్ వచ్చిన లాట్ (ఒకేసారి రంగు వేసిన గుడ్డ) నుంచే కోయమని కూడా అడగండి, లాట్ మారితే ఛాయ మారొచ్చు.