పొగతోట గది, బాలాజీ నగర్ మేడ: నెల్లూరులో మా నెల రోజులు

మూలకణ (స్టెమ్ సెల్) మార్పిడి అయిన మనిషిని డిశ్చార్జి తరువాత ఎక్కడ ఉంచాలో ఆసుపత్రిలో చేర్చకముందే చూసుకోండి. మేము చూసుకోలేదు. నెల్లూరు పొగతోటలో ఒక్క రాత్రికి 7,200 రూపాయలు పోయాయి. డబ్బు మాట అటుంచి, అలాంటి గదిలో అక్కను పడుకోబెట్టామని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

అక్కకు మల్టిపుల్ మైలోమా, ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్. నా కణాలు ఇద్దామని సిద్ధపడి చెన్నై వెళ్ళాను. ఈ జబ్బుకు సాధారణంగా రోగి సొంత కణాలే వాడతారట. పైగా ఒక తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతేనని డాక్టరు చెప్పారు. ఆపరేషన్ అనుకుని వారం రోజులు నిద్రపోని బావ, కత్తిగాటు ఉండదని విని అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. మూలకణాలు మజ్జలోంచి రక్తంలోకి రావడానికి ఐదు రోజులు సూదులు వేశారు. నడుము ఎముకలు పీకేస్తున్నాయని అక్క ఏడ్చింది. తరువాత నాలుగు గంటలు యంత్రం మీద ఉంచి, రక్తంలోంచి మూలకణాలు వేరుచేసి, అతి చలిలో గడ్డకట్టించి దాచారు. ఆపైన మెల్ఫలాన్ అనే గట్టి కీమో. అది ఎక్కుతున్నంతసేపూ ఐసు ముక్కలు చప్పరించాలి, నోటిపూత తగ్గుతుందని. అంత చేసినా నాలుగు రోజులు మంచినీళ్ళు మింగలేకపోయింది. దాచిన కణాలను రక్తం ఎక్కించినట్టే ఎక్కించారు, అరగంట పట్టింది. వాటిలో కలిపిన మందు వల్ల గదంతా వెల్లుల్లి వాసన. పన్నెండో రోజున తెల్లకణాలు పెరగడం మొదలైంది. మొత్తం 7,30,000 రూపాయలు. చెన్నై విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మా ఊరు ఉదయగిరి దగ్గర. జ్వరం 100.4 దాటితే గంటలో ఆసుపత్రిలో ఉండాలన్నారు. మా ఊరి నుంచి నెల్లూరే దాదాపు వంద కిలోమీటర్లు. అందుకే నెల్లూరులో నెల రోజులు ఉండాలని నిర్ణయించుకున్నాము.

పొగతోటలో ఆసుపత్రులు పక్కపక్కనే ఉంటాయని ఫోనులోనే లాడ్జి మాట్లాడాను. రోజుకు 1,800, పది రోజులకు ముందే 18,000 కట్టాము. రోగికి రక్తకణాల కౌంటు ఇంకా పూర్తిగా కోలుకోలేదని, గది శుభ్రంగా ఉండాలని రెండుసార్లు చెప్పాను. "మా దగ్గర అందరూ పేషంట్లేనమ్మా" అన్నాడు మేనేజరు. గదిలోకి వెళ్ళగానే అగరుబత్తి వాసన. అది ఎందుకో రాత్రి పదకొండింటికి అర్థమైంది. ఏసీ నీళ్ళు మంచం తల దగ్గర చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. మంచం జరిపితే వెనుక గోడంతా నల్లటి బూజు, అరచేయి పెడితే తడి. మీద కొత్త కర్టెన్ కట్టారు! మామూలు మనిషికి ఆ బూజు తుమ్ములు తెప్పిస్తుందేమో గానీ, మార్పిడి అయినవారి ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికే వస్తుంది. అక్కకు మాస్కు పెట్టి, వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి తెల్లవార్లూ కాపలా కాశాము. పొద్దున నాలుగు రోజుల అద్దె పట్టుకుని 10,800 చేతిలో పెట్టారు. బావ రసీదును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు.

కాబట్టి ఫోనులో డబ్బు కట్టకండి. ఒకరు ముందుగా వెళ్ళి మంచాలు జరిపి, బాత్రూం పైకప్పు కూడా చూడండి. వంటగది లేని చోటు అసలే వద్దు.

సాయంత్రానికి బాలాజీ నగర్‌లో మేడ మీద రెండు గదులు దొరికాయి, నెలకు 14,000. కింద ఉండే ఇంటావిడ మేము అడగకముందే ఫినాయిల్‌తో గదులు కడిగించి, తులసి కుండీని కూడా కిందికి దింపించారు. అక్క మట్టి దగ్గర ఉండకూడదని ఆవిడకు మేము చెప్పనేలేదు. ఆ ఇంట్లో రోజులు ప్రశాంతంగా గడిచాయి. వారానికి రెండు రక్త పరీక్షలు, అంతే.

ఇంటికి వచ్చాక అంతా మామూలైపోతుందని అనుకోకండి. స్నానం చేసి వస్తే అక్క గంట పడుకునేది. చిన్నప్పటి టీకాలన్నీ మళ్ళీ వేయించాలట. మైలోమా సాధారణంగా దీనితో పూర్తిగా పోదు, చాలాకాలం అణిగి ఉంటుంది, మాత్రలు కొనసాగుతాయి. ఇవన్నీ ముందే అడిగి తెలుసుకుంటే ఇంట్లోవాళ్ళు రోగిని "ఇంకా లేవవేమిటి" అని వేధించరు.

కీమో తరువాత అక్కకు ఏది పెట్టినా మట్టి తిన్నట్టు ఉండేది. ఒకరోజు చేపల పులుసు అడిగింది. కొరమీను కిలో 650 పెట్టి తెచ్చాము. ఇంటావిడే మామిడికాయ వేసి బాగా ఉడికించారు. అక్క మామిడి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "పులుపు తెలుస్తోందే" అంది. బావ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

నెల్లూరు పులుసు మరునాడే రుచి అని అందరికీ తెలుసు, కానీ అక్కకు నిలవ కూర నిషేధం. మర్నాడు మేమిద్దరం తింటుంటే ఎదురుగా కూర్చుని చూసి, గోడ మీది క్యాలెండర్‌లో మార్పిడి అయిన వందో రోజు దగ్గర పెన్నుతో చిన్న చేప బొమ్మ గీసింది.