నరసాపురంలో కొన్న పెద్ద అక్షరాల తెలుగు బైబిలు

నరసాపురంలోని ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో మా అమ్మగారి కోసం కొన్న ఈ బైబిలులో అక్షరాలు పెద్దవిగా, నల్లగా, స్పష్టంగా ఉన్నందువల్ల, చూపు మందగించిన ఆవిడ లూకా సువార్త 15వ అధ్యాయాన్ని ఎవరి సాయమూ లేకుండా చదువుకోగలుగుతున్నారు. ఆస్తినంతా పాడుచేసి తిరిగొచ్చిన కొడుకు నోరు విప్పకముందే, అతడింకా దూరంగా ఉండగానే, తండ్రి పరుగెత్తి వెళ్లి కౌగిలించుకున్న ఆ ఘట్టాన్ని కళ్లకు శ్రమ లేకుండా చదువుకోవడానికైనా ఈ ప్రతిని కొనవచ్చునని నా దృఢమైన అభిప్రాయం. మనం మారిన తరువాత కాదు, ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు మన కోసం ప్రాణమిచ్చాడని చెప్పే రోమా పత్రిక (రోములోని క్రైస్తవులకు పౌలు రాసిన లేఖ) 5:8 కూడా ఇందులో హాయిగా కనబడుతుంది. కాగితం మాత్రం పలుచన; డెల్టా వానాకాలపు చెమ్మకు అంచులు ముడుచుకుంటున్నాయి కనుక, జిప్పు కవరున్న ప్రతినే అడిగి తీసుకోవడం మంచిది.