బి.పి.ఎడ్. ఫిజియాలజీకి డయల్ బీపీ సెట్: కొనొచ్చా?

బి.పి.ఎడ్. (వ్యాయామ విద్య డిగ్రీ) మొదటి సెమిస్టర్లో అనాటమీ, ఫిజియాలజీ పేపరు చాలామందికి కొరకరాని కొయ్య. మైదానంలో 800 మీటర్లు అవలీలగా లాగించేవాళ్లు కూడా కార్డియాక్ అవుట్‌పుట్ (గుండె నిమిషానికి పంపే రక్తం) దగ్గరికి వచ్చేసరికి నోట్సు బట్టీ పడతారు. బట్టీ పట్టింది రాతపరీక్ష దాకా నిలుస్తుంది, వైవాలో జారిపోతుంది. ఆ పేపరు కోసం ఒక్క వస్తువు కొనాలంటే స్మార్ట్ వాచీ వద్దు, వేలికి తగిలించే ఆక్సీమీటరూ వద్దు. డాక్టరు బల్ల మీద కనిపించే మామూలు డయల్ బీపీ సెట్ కొనండి. గుండ్రటి డయలు, చేతికి చుట్టే కఫ్, గాలి కొట్టే రబ్బరు బల్బు, వెంట ఒక స్టెతస్కోప్. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. కోఠి సర్జికల్ షాపుల్లో అయితే బేరం కూడా ఆడొచ్చు.

బటన్ నొక్కితే అంకె చూపించే డిజిటల్ మిషన్ ఉండగా ఇదెందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్ల కోసమైతే డిజిటల్ చాలు. నేర్చుకోవడానికి మాత్రం అది పనికిరాదు. అది శబ్దం వినదు. నాడి కొట్టుకున్నప్పుడల్లా కఫ్‌లోని గాలి సన్నగా ఊగుతుంది. ఆ ఊపును పట్టుకుని, పై అంకెనూ కింది అంకెనూ తన సొంత లెక్కతో అంచనా కడుతుంది. లోపల ఏం జరిగిందో మనకు తెలియదు. పైగా ఒక్క రీడింగుకు అరనిమిషం పైనే పడుతుంది, ఈలోగా చెయ్యి కదిలితే ఎర్రర్ అంటుంది. వ్యాయామం ఆపగానే సిస్టోలిక్, అంటే పై అంకె, గబగబా దిగిపోతుంది. పీఈ విద్యార్థికి కావలసింది సరిగ్గా ఆ మొదటి నిమిషమే.

డయల్ సెట్‌తో పని ఇలా. మనిషిని కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా 5 నిమిషాలు కూర్చోబెట్టాలి. అంతకుముందు అరగంట టీ, కాఫీ, సిగరెట్ ఉండకూడదు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మోచేతి మడతలో, బైసెప్స్ స్నాయువుకు (టెండన్) చిటికెన వేలి వైపున బ్రేకియల్ ధమని నాడి వేలికి తగులుతుంది. కఫ్ లోపలి గాలి సంచి మధ్యభాగం ఆ ధమని మీదికి వచ్చేలా, కఫ్ కింది అంచు మడతకు 2, 3 సెం.మీ. పైన ఉండేలా చుట్టాలి. మణికట్టు నాడి పట్టుకుని గాలి కొడుతూ, నాడి ఎక్కడ మాయమైందో చూసుకోవాలి. గాలి మొత్తం వదిలి ఒక నిమిషం ఆగాలి. ఇప్పుడు స్టెతస్కోప్ పెట్టి, నాడి మాయమైన అంకెకు 30 పైదాకా కొట్టి, సెకనుకు 2, 3 మి.మీ. (పాదరసం లెక్కన ఒత్తిడి కొలత) చొప్పున దించాలి. మొదటి టక్‌మన్న చప్పుడు సిస్టోలిక్. చప్పుడు పూర్తిగా ఆగిన చోట డయాస్టోలిక్, అంటే కింది అంకె.

మణికట్టు దగ్గర నాడి చూసుకునే మెట్టును చాలామంది ఎగ్గొడతారు. కొందరిలో చప్పుడు ఒకసారి మొదలై, మధ్యలో ఆగి, మళ్లీ మొదలవుతుంది. తక్కువ గాలి కొట్టి ఆ ఖాళీలో అడుగుపెట్టారంటే సిస్టోలిక్ 20, 30 తక్కువగా నమోదవుతుంది. ఇంకో పొరపాటు, ముల్లు ఊగడం మొదలవగానే అదే సిస్టోలిక్ అనుకోవడం. చప్పుడు రావడానికి ముందే ముల్లు ఊగుతుంది. కన్ను డయలు మీద ఉన్నా నమ్మవలసింది చెవినే. డయలు గీతలు 2 మి.మీ. చొప్పున ఉంటాయి కాబట్టి రీడింగులన్నీ సరిసంఖ్యలే రావాలి. రికార్డులో 125/85 కనిపిస్తే అది కొలిచింది కాదు, రాసింది అని ఎగ్జామినర్‌కు ఇట్టే తెలిసిపోతుంది.

ఆ చప్పుడే ఈ పరికరం నేర్పే అసలు పాఠం. ధమనిలో రక్తం సాఫీగా పారుతున్నంతసేపు స్టెతస్కోప్‌లో ఏమీ వినపడదు. కఫ్ పూర్తిగా బిగిసి రక్తం ఆగిపోయినా అంతే. సగం నొక్కుకున్న ధమనిలోంచి ఒక్కో గుండె దెబ్బకు రక్తం దూసుకొచ్చి సుడి తిరిగినప్పుడే చప్పుడు వస్తుంది. రష్యన్ సర్జన్ నికొలాయ్ కొరొట్కోవ్ 1905లో చెప్పిన పద్ధతి ఇదే. చప్పుళ్లు అయిదు దశలు: స్పష్టమైన టక్‌టక్, తరువాత గాలి వీచినట్టు, మళ్లీ గట్టిగా, ఆపైన మందంగా, చివరికి నిశ్శబ్దం. పుస్తకంలో ఈ అయిదు వాక్యాలు చదవడానికి అరనిమిషం చాలు. చెవికి పట్టాలంటే పదిమంది చేతుల మీదైనా వినాలి.

ఇక క్రీడాకారుల దగ్గర ఈ సెట్ ఇబ్బంది పెట్టేది కఫ్ సైజుతో. గాలి సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలి. షాపులో ఇచ్చే మామూలు కఫ్ ఒక మోస్తరు చేతికి సరిపోతుంది. షాట్‌పుట్, వెయిట్‌లిఫ్టింగ్, కబడ్డీ ఆడే 36 సెం.మీ. చేతికి దాన్నే చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. సన్నటి లాంగ్ డిస్టెన్స్ రన్నర్‌కు తక్కువ చూపిస్తుంది. కాలేజీ కోసం కొనేవాళ్లు పెద్ద కఫ్ ఒకటి అదనంగా తీసుకోవాలి. డయలు అదే, కఫ్ మార్చుకుంటే సరి.

ఈ సెట్ పెట్టి చేయదగ్గ ప్రాక్టికల్స్‌లో అన్నిటికంటే తేలికైనది చెయ్యి ఎత్తుతో ఆడుకోవడం. కఫ్ గుండె కంటే 10 సెం.మీ. కిందికి దిగితే రీడింగు 7, 8 మి.మీ. పెరుగుతుంది. అంత ఎత్తు రక్తపు నిలువు బరువు అది. చెయ్యి ఎత్తి పట్టుకుంటే అదే లెక్కన తగ్గుతుంది. పడుకున్నవాణ్ణి లేపి 1వ నిమిషంలో, 3వ నిమిషంలో కొలిస్తే బారోరిసెప్టర్లు (రక్తనాళాల్లో ఒత్తిడిని పసిగట్టే నరాల కొనలు) ఎంత త్వరగా సర్దుకున్నాయో కనిపిస్తుంది. సిస్టోలిక్ 20 గానీ డయాస్టోలిక్ 10 గానీ పడిపోతే అది మామూలు కాదు.

తరువాత క్వీన్స్ కాలేజ్ స్టెప్ టెస్ట్. 41.3 సెం.మీ. బెంచీ, 3 నిమిషాలు, మగవాళ్లు నిమిషానికి 24 సార్లు, ఆడవాళ్లు 22 సార్లు ఎక్కి దిగాలి. ఒక్కోసారి ఎక్కి దిగడానికి నాలుగు అడుగులు కాబట్టి, టిక్‌టిక్‌మని లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 96, 88 మీద పెట్టుకోవాలి. ఆపాక 5వ సెకను నుంచి 20వ సెకను దాకా ఒకరు నాడి లెక్కపెట్టి 4తో హెచ్చిస్తే, మగవాళ్లకు 111.33 నుంచి 0.42 రెట్లు నాడి తీసేయగా వీఓ2 మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) అంచనా వస్తుంది. ఆడవాళ్లకు 65.81 నుంచి 0.1847 రెట్లు. కఫ్ ముందే చుట్టి ఉంచి, నాడి పట్టుకున్నవారు వదలగానే రెండోవారు రెండో చేతికి బీపీ చూడాలి. ఇక్కడొక చిక్కు. వ్యాయామం తరువాత కొందరిలో చప్పుడు ఆగనే ఆగదు, మందంగా సున్నా దాకా వినపడుతూనే ఉంటుంది. పరికరం చెడిపోలేదు, డయాస్టోలిక్ సున్నా కూడా కాలేదు. అలాంటప్పుడు చప్పుడు మందమైన చోటును, అంటే నాలుగో దశను రాసుకోవాలి.

దీని పక్కనే గ్రిప్ ప్రయోగం, అంటే పిడికిలి బిగించి పట్టుకుని బీపీ చూడడం, పెడితే ఫిజియాలజీ పేపరులో సగం తేలిపోతుంది. పట్టు బలం కొలిచే గ్రిప్ డైనమోమీటర్ లేకపోతే రెండో బీపీ సెట్ అరువు తెచ్చుకోండి. దాని కఫ్‌ను చుట్టలా చుట్టి 20 దాకా గాలి నింపి, ఒక్కసారి బలమంతా పెట్టి పిసకాలి. ముల్లు 220కి పోయిందనుకుందాం. పెరిగింది 200, అందులో 30 శాతం 60. అంటే 80 దగ్గర ముల్లు నిలిచేలా 3 నిమిషాలు పట్టుకోవాలి. రెండో చేతికి నిమిషానికోసారి బీపీ చూడాలి. పట్టు గట్టిగా ఉన్నవాళ్లు ముల్లును 300 దాటించి డయలు పాడుచేస్తారు, వాళ్లకు డైనమోమీటరే మేలు. స్టెప్ టెస్ట్‌లో సిస్టోలిక్ బాగా పెరిగి డయాస్టోలిక్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది. పనిచేసే కాళ్లలో రక్తనాళాలు విప్పారి రక్తప్రవాహానికి నిరోధం తగ్గుతుంది కాబట్టి. గ్రిప్‌లో కండరం తన రక్తనాళాలను తానే నొక్కేస్తుంది, కండరం నుంచి వెళ్లే రిఫ్లెక్స్ కూడా తోడవుతుంది, రెండు అంకెలూ పైకి పోతాయి. ఊపిరి బిగబట్టకుండా చూడాలి, లేకపోతే ఫలితం కలగాపులగం అవుతుంది. బీపీ ఉన్నవాళ్లను ఈ ప్రయోగానికి కూర్చోబెట్టొద్దు.

సెట్‌లో నాసిరకం సరుకు స్టెతస్కోప్. కొరొట్కోవ్ చప్పుళ్లు మంద్రంగా ఉంటాయి. సెట్‌తో వచ్చేదాని ట్యూబు పల్చగా ఉండి, బయటి చప్పుడంతా లోపలికి తెస్తుంది. విజిల్ మోగే గ్రౌండు పక్కన దానితో ఏమీ వినలేరు. రెండు వైపులా తల ఉన్నది విడిగా కొని బెల్ వైపు (చిన్న గిన్నెలా ఉండే వైపు) వాడండి. చెవిలో పెట్టుకునే కొనలు ముక్కు వైపు వాలి ఉండాలి, తిరగేసి పెట్టుకుని ‘ఏమీ వినపడట్లేదు’ అనేవాళ్లే ఎక్కువ. కాలేజీ అయితే ఒకే తలకు ఇద్దరి చెవులు తగిలించే టీచింగ్ స్టెతస్కోప్ ఒకటి కొనాలి. విద్యార్థి ఎక్కడ చప్పుడు విన్నాడో, ఎక్కడ విన్నట్టు నటించాడో మాస్టారికి వేరే మార్గంలో తెలియదు.

షాపులోనే రెండు పరీక్షలు చేయండి. గాలి లేనప్పుడు ముల్లు సున్నా మీద ఉందా చూడాలి. తరువాత కఫ్‌ను ఒక సీసాకు చుట్టి 200 దాకా కొట్టి వాల్వు బిగించి నిమిషం ఆగాలి. 4 మి.మీ. మించి దిగితే లీకు ఉన్నట్టు, వేరేది అడగండి. సున్నా దగ్గర ముల్లు సరిగ్గా ఉన్నంత మాత్రాన 150 దగ్గర సరిగ్గా ఉంటుందని కాదు. ఆర్నెల్లకోసారి T ఆకారపు ట్యూబుతో మంచి మానోమీటరుకు (ఒత్తిడి కొలిచే పరికరం) కలిపి 60, 100, 150, 200 దగ్గర పోల్చాలి. తేడా 3 దాటితే రిపేరుకు. డయలు లోపల పల్చటి లోహపు డబ్బీ గాలికి ఉబ్బి, చిన్న పళ్లచక్రాలతో ముల్లును తిప్పుతుంది. ఒక్కసారి సిమెంటు నేల మీద పడితే ఆ లెక్క తప్పుతుంది, పైకి మాత్రం గీత కూడా పడదు. ఎండలో బండి డిక్కీలో పెట్టిన సెట్‌కు ముందు పగిలేది రబ్బరు సంచి, ఆపైన ట్యూబు. చెమట పట్టిన కఫ్‌ను సంచి తీసేసి గుడ్డ వరకే ఉతికి, నీడన ఆరేయాలి.